ఆరో పేజీ, మూడో వరుస

మిషారీ మూడు రాత్రులుగా నిద్రపోలేదు.
జహ్రా ఇంట్లో, పై గదిలో, ఏసీ రొద కింద
నున్నటి కొత్త లాప్‌టాప్ ముందు కూర్చోని
ఇరవై ఎనిమిదేండ్ల నాటి ఓడనొకదాన్ని
నీళ్ళలోకి దించాలని చూస్తున్నాడు.

ఆ ఆట చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడిందంట.
జుమ్మా సంతలో ఒక బంగ్లా ఆయన దగ్గర
అర దీనారుకి దొరికింది సీడీ,
నిండా గీతలు, మీద ఎవరిదో అరబ్బీ చేతిరాత.
ఈ యంత్రానికి సీడీ మింగే నోరు లేదు.
నోరొకటి వేరేగా కొని తగిలించినాడు.

మొదటి రాత్రి నల్లటి తెర.
రెండో రాత్రి శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు.
గదిలో సముద్రపు కాకులు మాత్రం అరిచినాయి.
మూడో రాత్రి ఓడ కదిలింది.
కదిలిందనే లోపల బండకు గుద్దుకొని మునిగింది.
"యంత్రం మరీ వేగం ఓబా," అన్నాడు
టీ గ్లాసు అందుకుంటా.
"యంత్రం గుండె కొట్టుకునేది లెక్కబెట్టుకొని
ఈ ఆట నడుస్తాది.
అప్పటి గుండెలు నిదానం."

అందుకని కొత్త యంత్రం కడుపులో
లేని పాత యంత్రాన్నొకటి కట్టినాడు.
ఇది తొంభై ఆరో సంవత్సరమని దానికి అబద్ధం చెప్పినాడు.
ఉరకొద్దు, నడువు అని ముక్కుతాడు బిగించినాడు.
ఈ మాట నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.
నా కడుపులో నందలూరు అట్లనే నడుస్తాది,
ఆడ షెడ్డు ఇంకా మూయలేదు,
బొగ్గింజన్లు తెల్లారుజామున కూస్తానే ఉండాయి.

నాలుగో రాత్రి, అజా కంటే ముందు, రేవు కనబడింది.
మూడు ఖర్జూరపు చెట్లు. ఇంత నీలం యాడా ఉండదు, అంత నీలం నీళ్ళు.
అంతలో తెర అడిగింది:
ఆరో పేజీ, మూడో వరుస, రెండో మాట ఏది?

డబ్బాతో వచ్చిన పుస్తకం చూసి ఆ మాట కొట్టాలి.
దొంగ సీడీలకు ఆ కాలంలో వేసిన తాళం అది.
వాడు ఇంటర్నెట్టంతా గాలించినాడు.
దొరికినవి వేరే అచ్చు, పేజీలు కలవలేదు.
రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.
నెత్తిన వెంట్రుకలు పలచబడినాయి, అప్పుడే చూసినా.

తలుపు దగ్గర తుడిచే గుడ్డతో నిలబడి చెప్పినాను:
"ఎ, ఎన్, సి, హెచ్, ఓ, ఆర్."

వాడికి ఆరేండ్లప్పుడు పుస్తకం పట్టుకోవడం నా పని.
వాడు పేజీ చెప్తే నేను వేలుపెట్టి వరుసలు లెక్కబెట్టాల.
అక్షరాలు రావు. ఆకారం చెప్పేదాన్ని.
ఒక గుడారం.
రెండు గుంజల మధ్య జారిన కర్ర.
కొరికిన చందమామ.
రెండు గుంజలకు అడ్డకర్ర.
సున్న.
పొట్ట పెంచుకోని కాలు చాపిన మనిషి.
వాడు పడీ పడీ నవ్వి
ఒక్కోదానికి పేరు చెప్పేవాడు.
అట్లా ఓడ కదిలేది.
అట్లా నాకు ఇంగ్లీషులో మొదట వచ్చిన మాట లంగరు,
తర్వాత తెరచాప, తర్వాత ఎదురుగాలి.
సబ్బు పాకెట్లు, మందు సీసాలు ఆ వెనకాల.
ఒకరోజు నా అకామా కార్డు మీద
ఓబులమ్మలో ఒక ఎమ్ తక్కువుందని
నేనే కనిపెట్టినా. ఎవరికీ చెప్పలేదు.
చెప్తే ఎట్లా తెలిసిందంటారు.

మిషారీ ఆ మాట కొట్టినాడు.
ఓడ కదిలింది, మనిషి నడిచేంత వేగంతో.
తెర మీంచి చూపు తిప్పకుండా అడిగినాడు:
"నీకు చదవడం వచ్చా?"
"ఓడకు సరిపోయేంత," అన్నాను.

పుస్తకం ఏమైందని అడగలేదు. నేనూ చెప్పలేదు.
నా సూట్‌కేసులో, పాస్‌పోర్టు జిరాక్సు కింద ఉండాది,
అట్ట ఊడితే మైదా ఉడికించి అతికించింది.
పేజీలు చానామటుకు నోటికి వచ్చు.
తొమ్మిదోది మాత్రం మర్చిపోతా ఉంటా.
ఈ రాత్రి తీసి చూసుకోవాల.
తెరిచిన ప్రతిసారీ
ఆ ఆట వేరే మాట అడుగుతాది.